నిలబడి తిరిగే ఇంజన్

యార్క్, నెబ్రాస్కా
1987 అక్టోబరు 20

మైలోకి,

ఫోనులో చెప్పలేకపోయినవి రాస్తున్నాను. నీ వెన్ను ఆపరేషను సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. అంత్యక్రియలకు రాలేదని ఎవరూ ఏమీ అనుకోలేదు. మీ అక్క ఆఖరి రోజు ఎలా గడిచిందో నీకు తెలియాలి.

గురువారం వ్లాస్టా తెల్లవారకముందే లేచింది. ఆపిల్ గుజ్జు రెండు చెంచాలు తిన్నది. నర్సు వచ్చి దుప్పట్లు మార్చింది. ఆ అమ్మాయి వెళ్లబోతుంటే, "నీ కారు ఫ్యాన్ బెల్టు కీచుమంటోంది తల్లీ, తెగకముందే మార్పించుకో" అంది. ఇంటి ముందు కారు ఆగిన చప్పుడు మంచం మీద నుంచే విన్నది.

మధ్యాహ్నం మీ అమ్మ సూప్ తెచ్చింది. వ్లాస్టా వాసన చూసి చాలంది. అత్తయ్య ఆ గిన్నె అక్కడే కూర్చుని తాగేసింది. "పారబొయ్యడానికి నేనేమన్నా జమీందారిణా" అంది. వ్లాస్టా నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు.

కిటికీ తెరవమంది. పొలాల్లో మొక్కజొన్న కోస్తున్నారు. ఆ దుమ్ము లోపలికి వచ్చింది. మూసెయ్యనా అంటే వద్దంది. కాసేపటికి పెదవులు ఆరిపోతున్నాయని మంచు ముక్క అడిగింది. వంటింట్లోకి వెళ్లి ట్రే విరగ్గొట్టి తెచ్చాను. వచ్చేసరికి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. అత్తయ్య మంచం అవతలి వైపు కుర్చీలో కునుకు తీస్తోంది. లేపడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె నిద్ర గట్టిది కాదు, నేనే పిలవలేకపోయాను.

ఇక ఇంకో విషయం. తన చెవెల్ కారు ఇంజన్ గ్యారేజీలో స్టాండు మీద ఉంది. క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయిందని వేసవిలో తనే విప్పింది. మిగతాదంతా సిద్ధం చేసింది. కొత్త క్యామ్ ఏది వెయ్యాలో తేల్చుకోలేదు. ఆ చోటు ఖాళీగా ఉంది. క్యామ్‌లు సానబట్టడమే నీ పని కదా. పాతదానిలాంటిదే నాకొకటి కావాలి. ఇంటి ముందు కారు కదలకుండా నిలబడి, ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు వచ్చే చప్పుడు అలాగే ఉండాలి.

ఫోను తీగ పీకేశాను. అందరూ ఒకే మాట చెబుతున్నారు. ఉత్తరం రాయి.

రోలాండ్


లాంగ్ బీచ్, కాలిఫోర్నియా
అక్టోబరు 28

బావా,

పడుకునే రాస్తున్నాను. అక్షరాలు వాలిపోతే డాక్టరును తిట్టుకో. ఇంకో రెండు నెలలు బరువు ఎత్తొద్దు, నిలబడొద్దు, విమానం ఎక్కొద్దట. బతకొచ్చా అని అడిగాను. "నెమ్మదిగా" అన్నాడు.

నీ ఉత్తరంలో నర్సు కారు బెల్టు దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. తర్వాత దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. నా భార్య నొప్పి అనుకుని మాత్ర తెచ్చింది. వేసుకున్నాను.

క్యామ్ సంగతి. తప్పకుండా ఇస్తాను. కానీ ఒకటి తెలుసుకో. క్యామ్ కోసం వచ్చే ప్రతివాడూ అబద్ధం చెబుతాడు. కారు బరువెంత అంటే తగ్గించి చెబుతాడు. ఎక్కడ నడుపుతావు అంటే ఆఫీసుకంటాడు, మనసులో రేసు మైదానం ఉంటుంది. అందరికీ పెద్ద క్యామే కావాలి. అందుకే మా షాపులో వాడు అడిగినదానికంటే ఒక మెట్టు చిన్నదే డబ్బాలో పెట్టి పంపుతాం. నెల తర్వాత వచ్చి, "అబ్బ, ఎంత పెద్దది ఇచ్చారండీ, ఎగిరిపోతోంది" అంటాడు. మేము ముఖాలు చూసుకుంటాం.

నువ్వు వంతెనల ఇంజనీరువి, కొలత లేకుండా మాట్లాడవు. అందుకని నిజం రాయి. కారు బరువెంత? గేర్లు చేత్తో మార్చేవా, వాటంతట అవే మారేవా? బ్రేకులు ఏ రకం? ఎవరెవరు కూర్చుంటారు? ఏడాదికి ఎన్ని మైళ్లు తిప్పుతావు?

అమ్మ ఏమన్నా తింటోందా? నువ్వు?

మైలో


యార్క్, నెబ్రాస్కా
నవంబరు 9

మైలోకి,

మీ అమ్మ తింటోంది. నేనూ తింటున్నాను.

ఇంజన్ సందులు మూసే గాస్కెట్ల కోసం శనివారం విడిభాగాల కొట్టుకు వెళ్లాను. క్యామ్ అనే మాట నోరు జారాను. కౌంటరు దగ్గరున్న ముగ్గురూ పని మానేశారు.

"వ్లాస్టా కారుకా? పెద్దదే వెయ్యాలి. ఆమె సిగ్నల్ దగ్గర ఆగితే మా ఇంటి కిటికీ అద్దాలు వణికేవి."

"మీ ఆవిడ అరిచినా వణుకుతాయిలేవోయ్, అదేం కొలత?"

"మీరూరుకోండయ్యా. రోలాండ్ గారూ, నా మాట వినండి. ఆమె బతికుంటే ఏది వేసేదో అదే వెయ్యండి."

"బతికుంటే నిన్నడిగేదా? నీ ట్రక్కు నడవక వాళ్లింటి ముందే ఆగిపోతే ఆమే కదా బాగుచేసింది."

గాస్కెట్లు తీసుకోకుండానే వచ్చేశాను.

నువ్వడిగినవి. బరువు మూడు వేల మూడు వందల పౌండ్లు. గేర్లు చేత్తో మార్చేవే. బ్రేకులు మామూలువి. నేనొక్కడినే కూర్చుంటాను. మైళ్ల సంగతి ఇంకా అనుకోలేదు.

నాకు తెలియాల్సింది ఇది. నిలబడి తిరిగేటప్పుడు పాతదానిలా ఆగి ఆగి కొడుతుందా? అలా వేడెక్కకుండా ఎంతసేపు ఉంచవచ్చు? పెట్రోలు ఎంత తాగుతుంది, కదలకుండా ఉంటే?

రోలాండ్


లాంగ్ బీచ్, కాలిఫోర్నియా
నవంబరు 17

బావా,

నీకు అబద్ధం చెప్పడం రాదు. అక్క కాళ్లలో బలం తగ్గినప్పుడు గేర్లు తీసేసి ఆటోమేటిక్ పెట్టించింది ఎవరు? నువ్వే. బ్రేకు తేలిగ్గా పడడానికి బూస్టర్ పంపింది ఎవరు? నేనే. దాన్ని నువ్వే బిగించి నాకు ఫోటో కూడా పంపావు. ఫోటోలో నీ బొటనవేలికి కట్టు. మామూలు బ్రేకులట!

ఆ పాత క్యామ్ మా నాన్న మట్టి రేసుల కోసం చేయించింది. అప్పుడు ఆ కారు వేరు. ఇప్పుడు అది ఎందుకు పనికిరాదో చెబుతా, విను.

క్యామ్ అంటే ఉబ్బులున్న కడ్డీ. ఆ ఉబ్బులే వాల్వులను తెరుస్తాయి. ఉబ్బు వెడల్పయిన కొద్దీ వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. కారు పరుగులో ఉంటే అది మేలే, ఇంజన్‌కు గాలి బాగా అందుతుంది. నిలబడి ఉన్నప్పుడు మాత్రం లోపలికి వచ్చే దారీ, బయటికి పోయే దారీ కాసేపు ఒకేసారి తెరుచుకుని, కాలిన పొగ వెనక్కి తన్నుతుంది. నువ్వు అడుగుతున్న చప్పుడు అదే. జనం దాన్ని బలమనుకుంటారు. నిజానికి అది ఇంజన్ ఊపిరాడక కొట్టుకోవడం.

పైగా బ్రేకు బూస్టర్ పనిచేసేది ఇంజన్ గాలి పీల్చే బలంతోనే. పెద్ద క్యామ్ వేస్తే నిలబడి ఉన్నప్పుడు ఆ పీల్పు సగమైపోతుంది. నువ్వు సిగ్నల్ దగ్గర తొక్కుతావు, పెడల్ రాయిలా ఉంటుంది, కారు ముందున్నవాడి వీపెక్కుతుంది. ఆదివారం చర్చికి పక్క సీట్లో మా అమ్మ కూర్చుంటుందని మరిచిపోకు. ఆవిడ వేరే కారెక్కదు, నీకు తెలుసు.

అందుకని పాతదానికంటే ఉబ్బు ముప్పై డిగ్రీలు తక్కువ వెడల్పున్నది చేసి పంపుతాను. నెమ్మదిగా, నున్నగా తిరుగుతుంది. ఊళ్లో, హైవే మీద రెండుచోట్లా హాయిగా లాగుతుంది. సరేనా?

మైలో


యార్క్, నెబ్రాస్కా
నవంబరు 25

మైలోకి,

సరే కాదు.

నువ్వు చెప్పిన శాస్త్రం అర్థమైంది. నేను అడిగింది అది కాదు. నాకు ఆ చప్పుడు కావాలి. వీధి మలుపు దగ్గర అది వినబడితే నేను పొయ్యి మీద నీళ్లు పెట్టేవాడిని. ఇరవై ఏళ్లకు పైగా అలా పెట్టాను. ఇప్పుడు ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

చర్చికి వెళ్లడం లేదు. కాబట్టి పక్క సీటు సంగతి వదిలెయ్యి.

నువ్వు పంపకపోతే కేటలాగు చూసి ఇంకో చోట కొంటాను. వాళ్లు ప్రశ్నలు అడగరు.

రోలాండ్


లాంగ్ బీచ్, కాలిఫోర్నియా
డిసెంబరు 4

బావా,

నీ ఉత్తరాలు మూడూ మంచం మీద పరుచుకుని మళ్లీ చదివాను. వెన్ను విరిగినవాడికి వేరే పనేముంటుంది.

నేను ఈ పనిలోకి వచ్చి ముప్పై ఏళ్లు కావస్తోంది. పిచ్చివాళ్లను చూశాను. పెళ్లాం కుట్టుమిషను అమ్మి క్యామ్ కొన్నవాడిని చూశాను. పోస్టు వ్యానులో రేసు క్యామ్ వేయించినవాడిని చూశాను. వాళ్లందరూ ఒక్క మాట మాత్రం అడిగారు. కారు ఎలా పోతుంది? గట్టు ఎక్కుతుందా, పక్కింటివాడి కారును దాటుతుందా, రెండో గేరులో ఎలా లాగుతుంది? అబద్ధాలకోరులే, కానీ అందరూ ఎక్కడికో పోవాలనుకునేవాళ్లే.

నువ్వు ఒక్కసారి కూడా అది అడగలేదు. నిలబడి ఉంటే ఎలా కొడుతుంది, నిలబడి ఎంతసేపు ఉంటుంది, నిలబడి ఎంత తాగుతుంది. మైళ్లు ఎన్నంటే ఇంకా అనుకోలేదన్నావు. ఎవరు కూర్చుంటారంటే నేనొక్కడినే అన్నావు. మొదట బాధలో రాశావనుకున్నాను. తర్వాత ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, ఈ ఇంజన్ ఎక్కడ తిరగబోతోందా అని షాపులో లెక్కగట్టినట్టే లెక్కగట్టాను. అది తిరిగేది రోడ్డు మీద కాదు. గ్యారేజీలో. తలుపు వేసి ఉంటుంది, లోపల నువ్వుంటావు.

బావా, నువ్వు చచ్చిపోవాలనుకుంటున్నావా?

ఇంకోలా అడగడం నాకు రాదు. నా లెక్క తప్పయితే నన్ను నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు, మంచం మీద పడుకుని వింటాను. తప్పు కాకపోతే నాకు చెప్పు. అక్కడున్న డాక్టరుకు చెప్పు. అమ్మకు మాత్రం నేను చెప్పేశాను. ఇవాళ పొద్దునే ఫోను చేశాను. నిన్ను అడగకుండా చెప్పానని కోపం వస్తుంది. రానీ. కోప్పడడానికి నువ్వు ఉండాలి, నాకు అంతే కావాలి. అక్క పోయింది. ఇంజన్ల గురించి ఒక్క ముక్క తెలియకపోయినా నాతో ఇరవై ఆరేళ్లు ఓపిగ్గా మాట్లాడినవాడివి నువ్వొక్కడివే మిగిలావు.

క్యామ్ ఇవాళే పార్సిల్ చేశాను. చిన్నదే. మంచం దిగొద్దన్నారు, నిన్న దిగాను. కుర్రాళ్లకు అప్పజెప్పకుండా నేనే మిషను దగ్గర నిలబడి సానబట్టాను. ఇప్పుడు పక్కకు తిరగలేకపోతున్నాను, నా భార్య మాట్లాడడం లేదు.

ఇక ఇది జాగ్రత్తగా చదువు. కొత్త క్యామ్ మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనివ్వకూడదు. అలా తిరిగితే ఉబ్బులకు నూనె చాలదు, నిమిషాల్లో నున్నగా అరిగి క్యామ్ పాడైపోతుంది. స్టార్ట్ అయిన క్షణం నుంచి ఇరవై నిమిషాలు నిమిషానికి రెండు వేల చుట్ల మీద ఉంచాలి. ఇంత పొగ వస్తుంది కాబట్టి కారును ఆరుబయట పెట్టాలి. ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు పెడల్ పట్టాలి, ఒకరు ఎక్కడైనా కారుతోందా, వేడెక్కుతోందా చూడాలి. నువ్వొక్కడివే చెయ్యలేవు. పెద్ద క్యామ్‌కైనా ఇదే పద్ధతి. కేటలాగువాళ్లు కూడా ఇదే చెబుతారు.

ఫోను తీగ పెట్టు బావా.

మైలో


యార్క్, నెబ్రాస్కా
1988 మార్చి 11

మైలోకి,

నీ ప్రశ్నకు జవాబు: అవును.

ఫోను తీగ పెట్టిన మాట నిజమే కానీ, ఫోనులో మనం మీ అమ్మ రక్తపోటు గురించీ, నీ వెన్ను గురించీ తప్ప మాట్లాడుకోలేదు. నువ్వూ మళ్లీ అడగలేదు. అడగకుండా ఆగడం నీకెంత కష్టమో తెలుసు. అందుకే రాస్తున్నాను.

అవును, అనుకున్నాను. చప్పుడు కావాలన్నది అబద్ధం కాదు. ఆ చప్పుడు వింటూ కూర్చోవాలనుకున్నాను. తలుపు సంగతి మొదట అనుకోలేదు, తర్వాత అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు చాలా కోపం వచ్చింది. నా లెక్కను ఇంకొకరు సరిచూసినట్టుంది. ఆఫీసులో అది నేను చేసే పని.

అప్పటికే అత్తయ్య ఇక్కడుంది. నువ్వు ఫోను చేసిన పూటే ఎవరి ట్రక్కులోనో వచ్చి దిగింది. పెట్టె, రెండు గిన్నెలు, తన దిండు.

"మైలో ఫోను చేశాడు" అంది.

"ఏమన్నాడు?"

"నువ్వు మూర్ఖుడివన్నాడు. ఇందులో కొత్తేముంది, పెళ్లినాడే చెప్పాను కదరా అన్నాను. జరుగు, చలేస్తోంది."

వంటింట్లో కోటు కూడా విప్పకుండా కూర్చుంది. గ్యారేజీ తాళం అడిగింది. ఇచ్చాను. దాన్ని లోపలి జేబులో వేసుకుంది.

"చూడు అల్లుడూ. మొగుణ్ణి మట్టిలో పెట్టాను. కూతుర్ని పెట్టాను. ఇక వంగలేను, నా మోకాళ్లు పనికిరావు. నువ్వు నా తర్వాత పో. వరస తప్పకు."

"అలాగే అత్తయ్యా" అన్నాను.

"అలాగే అంటే కాదు. రేపు డాక్టరు దగ్గరికి పోతున్నాం. నా మోకాళ్లకని చెప్పు, సిగ్గయితే."

పోయాము. ఆమె మోకాళ్ల గురించి ఒక్క మాటా చెప్పలేదు. అంతా నా గురించే చెప్పింది, నా ముందే, నేను చిన్నపిల్లాణ్ణయినట్టు. డాక్టరు వారానికోసారి రమ్మన్నాడు. వెళుతున్నాను. మాత్రలు ఇచ్చాడు. నిద్ర వస్తోంది. బాగున్నానని రాయను. లేచిన ప్రతి పూటా ముందు అలసట లేస్తుంది, తర్వాత నేను. కానీ ఆ ఆలోచన ఇప్పుడు రోజూ రావడం లేదు. వచ్చినప్పుడు అత్తయ్యకు చెబుతున్నాను. "సరే, బంగాళాదుంపలు చెక్కు తియ్యి" అంటుంది. తీస్తాను.

నీ పార్సిల్ జనవరి అంతా బల్ల మీదే ఉంది. అత్తయ్య దాని మీద రొట్టె పిండి గిన్నె పెట్టేది. ఫిబ్రవరిలో ఒకరోజు విప్పాను. నూనె పూసిన కాగితంలో చుట్టి ఉంది. చేతిలో బరువుగా, చల్లగా ఉంది. ఏ పనిని చూసినా తప్పెక్కడుందా అని వెతకడం నా అలవాటు. అందులో దొరకలేదు.

ఇది వేస్తే పాత చప్పుడు ఇక రాదు.

అత్తయ్యకు ఆ మాటే చెప్పాను. "మంచిదే అయ్యింది. ఆ చప్పుడు నాకెప్పుడన్నా నచ్చిందా? మీ మామయ్య మొదలుపెట్టాడు, నా కూతురు పట్టుకుంది. చర్చి ముందు ఆగితే ఫాదర్ ప్రసంగం ఆపేసి కిటికీలోంచి చూసేవాడు. తలెత్తుకోలేక చచ్చేదాన్ని" అంది. తర్వాత పిండి కలుపుతూ, "చచ్చు చప్పుడు" అని తనలో తను అనుకుంది. ముఖం నాకు కనబడకుండా తిరిగి నిలబడింది.

పక్క వీధిలో వెర్న్‌కు ఇంజన్ ఎత్తే గొలుసు ఉంది. ఎవరి సాయమూ అడగనివాడిని, అతన్ని అడిగాను. ఇద్దరం కలిసి క్యామ్ వేసి, ఇంజన్ కారులోకి దింపాము. ప్రతి ఉబ్బుకూ నువ్వు పంపిన నల్ల జిడ్డు పూశాను. పళ్లచక్రాల మీద కలవాల్సిన టైమింగ్ గుర్తులు నేను చూసి, వెర్న్ చూసి, అత్తయ్య కళ్లద్దాలు తెప్పించుకుని చూసింది. ఆమె మాటే ఆఖరు.

రేపు మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పెడల్ వెర్న్ పడతాడనుకున్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు.

"వాడి కాలు ఆడుతూ ఉంటుంది, చూళ్లేదా? మీ మామయ్య కట్టిన ప్రతి ఇంజన్‌కూ నేనే తొక్కాను. కడుపులో మైలో ఉన్నప్పుడు కూడా తొక్కాను, వాడికి ఈ పిచ్చి అందుకే పట్టింది. సూది రెండు వేల మీద ఉండాలి. కదలకూడదు. నువ్వు తొక్కితే మధ్యలో ఏదో చూడాలని కాలు తీస్తావు."

"మీ మోకాలు నొప్పి కదా అత్తయ్యా?"

"అది నడవడానికి నొప్పి. తొక్కడానికి కాదు."

నిన్ను ఒక మాట అడగాలనుకున్నాను, ఈ ఉత్తరం చేరి జవాబు వచ్చేలోపు నాకే తెలిసిపోతుందనుకో. హైవే మీద మీ అమ్మ పక్కన కూర్చుంటే, లింకన్ ఊరి వైపు గట్టు ఎక్కేటప్పుడు ఎలా లాగుతుంది?

గ్యారేజీ తాళం నిన్న తిరిగి ఇచ్చింది. అడగకుండానే ఇచ్చింది. నేను తీసుకుని మేకుకు తగిలించాను.

రేపు ఉదయం తలుపు పైకెత్తి, వెర్న్, నేను కారును వీధిలోకి తోస్తాము. మీ అమ్మను సీట్లో కూర్చోబెట్టి, వీపుకు దిండు పెట్టి, తాళంచెవి ఆమె చేతికిస్తాను. ఇరవై నిమిషాలయ్యాక నూనె మార్చి, ఆమెను పక్క సీటులోకి జరగమని, నేను నడుపుతాను.

రోలాండ్